తరిమెన తాడు

కాపురానికి వచ్చిన మూడో రోజునే యాకమ్మ చేతికి తాడు వచ్చింది. అత్తగారింటి వసారాలో తరిమెన ఉండేది. బరువైన పలకకు దిగ్గొట్టిన రెండు గుంజల నడుమ ఒక ఇరుసు, ఆ ఇరుసుకు రెండు చుట్లు తిప్పిన తాడు. ఒకరు ఎదురుగా కూర్చుని తాడును ఈ చేత్తో ఒకసారి, ఆ చేత్తో ఒకసారి గుంజుతుంటే ఇరుసు గిరగిరా తిరుగుతుంది. ఇవతల కూర్చున్నవాడు ఇరుసు కొనకు బిగించిన కర్రకు ఉలి ఆనించి నునుపు తీస్తాడు. ఉలి మగవాడిది, తాడు ఆడదానిది. మల్లంపేటలో కర్రపని చేసే వడ్లవారి ఇళ్ళలో ఆ కట్టు ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు, ఎవరూ దాటలేదు.

పద్దెనిమిదేళ్ళు ఆమె తాడు గుంజింది. భర్త సారయ్య ఉలి పట్టాడు. మంచం కోళ్ళు, బొంగరాలు, అప్పడాల కర్రలు ఎన్ని చేసినా అతనికి పేరు తెచ్చింది మాత్రం కుంకుమ భరిణె. లోపల బోలుగా తొలిచి, మూతను ఎంత సరిగ్గా కూర్చేవాడంటే, మూసినప్పుడు చిన్నగా చప్పరించినట్టు వినిపించేది. అయినా కొత్తపెళ్ళికూతురు బొటనవేలితో నొక్కితే ఊడి వచ్చేది. జనగామ అంగడిలో కోమటి రాజేశం కొట్టులో వేరే ఊరి భరిణెలు పక్కనున్నా జనం మూత తీసి, పెట్టి, చప్పుడు విని సారయ్యవే ఏరుకునేవారు.

రజాకార్లు పోయి ఏడాది దాటింది. వాళ్ళు పోయిన చోటికి మిలిటరీ క్యాంపులు వచ్చాయి. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ళ జెండా కర్రలకు నున్నని బొడిపెలు తీసి ఇచ్చింది సారయ్యేనని ఎవరో చెప్పారు. అది నిజమే. కర్రలు తెచ్చిచ్చిన వాళ్ళెవరని అతన్ని క్యాంపుకు పట్టుకుపోయి అడిగారు. అతను చెప్పలేదు. పదకొండు రోజులు అడిగారు. పన్నెండో నాడు నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు గాని, కుడిచేతి వేళ్ళు మూడు ఉండవలసిన తీరులో లేవు.

జనగామ మిషన్ దవాఖానలో డాక్టరమ్మ బద్దలు పెట్టి కట్టు కట్టింది. కట్టు మార్చే నర్సు సరోజమ్మది పెద్దవంగర దిక్కు. అబద్ధం ఆడటం రాని మనిషి. "అన్నా, వేళ్ళు ఉంటయి. పట్టు మాత్రం రాదు" అని మొహం మీదనే చెప్పింది.

అప్పటి నుంచి సారయ్య గోడకు మొహం పెట్టి కూర్చునేవాడు. అంతకుముందు తాడు గుంజే భార్యను నవ్వించి నవ్వించి గుంజు తప్పించేవాడు. ఇప్పుడు అన్నం పెడితే తింటాడు, లేకుంటే అడగడు. ఒకనాడు పొయ్యిలోకి కట్టెలు లేవని యాకమ్మ తనలో తాను అనుకుంటుంటే, అటు నుంచే అన్నాడు.

"తరిమెన గుంజలు పీకి పెట్టు. మంచిగ ఎండిన కట్టె."

యాకమ్మ పక్కింటి ఎల్లక్క దగ్గర పిడకలు అడుక్కొచ్చి ఆ పూట వంట చేసింది. వండుతున్నంత సేపూ తరిమెన వైపే చూసింది. గుంజలు పొయ్యిలోకి పోతే ఈ మనిషి కూడా ఇక లేవడని ఆమెకు గట్టిగా అనిపించింది. ఎట్లా ఆపాలో మాత్రం తోచలేదు.

కార్తీకం వెళ్ళాక సరోజమ్మ కట్టు చూసే వంకతో ఇంటికి వచ్చింది. వచ్చిన పని వేరే ఉంది. క్రిస్మస్‌కు దవాఖానలో సరువు కొమ్మ ఒకటి నిలబెట్టి, దానికి రంగు రంగుల గుండ్లు వేలాడదీస్తారట. గాజు గుండ్లు ఓడలో పెట్టెలకొద్దీ వచ్చేవట. యుద్ధంతో అవి రావడం ఆగిపోయింది, ఉన్నవి పగిలిపోయాయి. కిందటేడు ఎవరితోనో కర్ర గుండ్లు చేయిస్తే, ఒక్కొక్కటీ రాయంత బరువు. పండుగ పొద్దున చూసేసరికి కొమ్మలన్నీ నేలకు వంగిపోయి, చెట్టు ఏడుస్తున్నట్టు ఉందట.

"బోలువి కావాలక్కా. లోపలేం ఉండొద్దు, గాలంత తేలికుండాలె. భరిణెలు చేసే ఇంట్ల కాకుంటే ఇంకెక్కడ దొరుకుతయి? ముప్పై చేసియ్యిండ్రి. మంచానికొకటి చొప్పున పండుగైనంక రోగులకే ఇస్తది డాక్టరమ్మ."

సారయ్య తన చేతిని పైకెత్తి చూపించాడు. అదే అతని జవాబు.

"నేను చేస్త" అన్నది యాకమ్మ.

ఆ మాట తన నోటి నుంచి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియలేదు. సరోజమ్మ సంతోషంగా లేచి వెళ్ళిపోయింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆగి, సారయ్య ఇటు తిరిగాడు. చాలా రోజులకు అతని మొహాన్ని నిండుగా చూసింది యాకమ్మ. కోపంతో ఎర్రగా ఉంది.

"ఆడిది ఉలి పడ్తదా? మా నాయిన బతికుంటే నిన్ను గడప దాటిచ్చేటోడు."

"నీ నాయిన బతికుంటే నీ చెయ్యి జూసి ముందుగాల్ల ఏడ్చేటోడు. తర్వాత ఉలి నాకే ఇచ్చేటోడు."

"మరి తాడెవలు గుంజుతరు?"

ఇంట్లో ఉన్నది ఇద్దరే. అడిగిన వాడికి జవాబు తెలుసు. తెలిసే మళ్ళీ గోడ వైపు తిరిగిపోయాడు.

రెండు రోజులు అట్లాగే గడిచాయి. అటుక మీద పాలకొడిశె కర్ర కొంచెం మిగిలి ఉంది. తెల్లగా, మెత్తగా ఉండే కర్ర. గంగారం అడవి దిక్కు నుంచి బీక్యా అనే లంబాడీ ఆయన రెండేళ్ళ కిందట బండి మీద తెచ్చి ఇచ్చింది. ఇప్పుడు అడవిలోకి ఎవరినీ పోనివ్వడం లేదు. బీక్యా తండానే లేపి రోడ్డు పక్కకు తెచ్చి పెట్టారని విన్నారు. ఉన్న కర్ర ముప్పై గుండ్లకు సరిపోయి, నాలుగైదింటికి మిగులుతుంది. అంతకు మించి చెడగొట్టడానికి లేదు.

మూడో నాడు పొద్దున యాకమ్మ కర్రలను దించి, కొలత ప్రకారం తుంచుకుంటుంటే సారయ్య లేచాడు. వీధి తలుపు మూసి గడియ పెట్టాడు. వసారాలో ఉన్న తరిమెనను ఇద్దరూ కలిసి లోపలి అర్రలోకి తెచ్చారు. వెలుతురు కోసం పైన రెండు పెంకులు పక్కకు జరిపాడు. తర్వాత తాడు వైపు వెళ్ళి, ఆమె పద్దెనిమిదేళ్ళు కూర్చున్న పీట మీద కూర్చున్నాడు. తాడు ఒక కొసను ఎడమచేత పట్టుకున్నాడు. రెండో కొసను కుడి మణికట్టుకు పళ్ళతో బిగించి ముడి వేసుకున్నాడు.

"బయట తెలిస్తే నేను ఊళ్ళె తలెత్తను" అన్నాడు. అంతే.

ఉలి పట్టుకోవడం ఆమెకు చూపుతో వచ్చు. చేతితో రాదు. తాడును ఒక చేత్తో గుంజినప్పుడు కర్ర ఒకలా తిరుగుతుంది, అప్పుడు ఉలి ఆనించాలి. రెండో చేత్తో గుంజినప్పుడు ఎదురు తిరుగుతుంది, అప్పుడు ఎత్తాలి. ఇది ఆమెకు ఊపిరి పీల్చినట్టు తెలిసినదే. కాని పైన నునుపు తీయడం వేరు, లోపల తొలవడం వేరు. తొలిచేటప్పుడు ఉలి కొన కంటికి కనపడదు. మొదటి గుండు గోడ పలచనై ఒక పక్కన చిల్లు పడింది. రెండోదీ అంతే. రెండోది పోయినప్పుడు ఆమె ఉలి కింద పెట్టి చెంగుతో మొహం తుడుచుకుంది.

మూడోది తొలుస్తుండగా సారయ్య తాడు ఆపేశాడు.

"చాలు. పల్చగైంది."

"నీకెట్ల కనిపిస్తది అక్కడికి?"

"కనిపియ్యది. తాడు చెప్తది. గోడ మందంగ ఉంటె బరువుగొస్తది. పల్చనైతె సల్ల చిలికినట్టుంటది."

యాకమ్మ అతని వైపు చూసింది. పద్దెనిమిదేళ్ళూ ఆ తేడా ఆమె చేతులకు తెలుస్తూనే ఉంది. అది పనికివచ్చే విద్య అని మాత్రం ఆమెకు తోచలేదు. ఉలి పట్టి కూర్చున్న అతనికి అది అక్కర పడలేదు, అతను అడగలేదు. ఒక్కరోజు ఆమె పీట మీద కూర్చోగానే అదే మనిషికి తెలిసింది.

ఆ తర్వాత గుండ్లు చెడిపోలేదు. ఆమె తొలిచేది, అతను ఆపేవాడు. గుండు అయ్యాక తిరుగుతుండగానే లక్క కడ్డీ ఆనించేవారు. ఆ రాపిడికి లక్క కరిగి కర్రకు పట్టేది, ఎర్రది కొన్నింటికి, పచ్చది కొన్నింటికి. పైన తాటాకుతో రుద్దితే మొహం కనపడేంత మెరిసేది. ప్రతి గుండూ రెండు సగాలు. పై సగం మూతలాగా కింది సగంలో కూర్చునేది. వాళ్ళకు తెలిసిన కూర్పు అదొక్కటే, భరిణె కూర్పు. అన్నీ అయ్యాక రెండు సగాల నడుమ లక్క వేసి అతికిద్దామని అనుకున్నారు.

పనిలో పడి సారయ్య ఒకటి రెండు మాటలు ఎక్కువ మాట్లాడసాగాడు. ఒకనాడు లక్క కడ్డీ ఆమె ముక్కుకు అంటితే, "ఇగ నిన్ను గూడ సరువు కొమ్మకు కట్టొచ్చు" అన్నాడు. అన్నాక తనే ఉలిక్కిపడి గబగబా తాడు గుంజాడు. యాకమ్మ ఆ రోజంతా ముక్కు మీది ఎరుపు కడుక్కోలేదు.

అయితే మూసిన తలుపు ఊరికి నచ్చదు. లోపల నుంచి గర్రు గర్రున చప్పుడు. మనిషి బయటికి రాడు. ఎల్లక్క రెండుసార్లు తలుపు తట్టింది. దవాఖాన మందు పూశారు, గాలి తగలొద్దన్నారు అని యాకమ్మ సందులోంచే చెప్పి పంపింది. ఎల్లక్క ఊరుకునే మనిషి కాదు. బాయికాడ నలుగురి ముందు అన్నది.

"మొగడు పెండ్లాం పట్టపగలు తలుపు మూసుకొని గుంజుకుంటున్నరే. గీ వయసుల ఏం పనో, జర మాకు గూడ చెప్తె నేర్చుకుంటం."

అందరూ నవ్వారు. ఎల్లక్క మనసులో చెడు లేదు. కాని నవ్వు బాయి దగ్గర ఆగిపోదు కదా. చెవులు దాటి, నోళ్ళు దాటి, క్యాంపు దాకా పోయేసరికి అందులోంచి నవ్వు ఊడిపోయి మూసిన తలుపు ఒక్కటే మిగిలింది.

ఇరవై ఆరు గుండ్లు అయిన నాడు, పొద్దెక్కాక, క్యాంపు జమేదారు ఇద్దరు జవాన్లతో వచ్చి తలుపు కొట్టాడు. గడియ తీసేలోపే తోసుకుని లోపలికి వచ్చారు. అర్ర మూలన గంపలో ఎర్రవి, పచ్చవి, గుండ్రనివి, పిడికిలిలో పట్టేంతవి. జమేదారు ఒకటి తీసి చెవి దగ్గర ఊపాడు. మూత లాగితే ఊడి వచ్చింది. లోపల బోలు. వాసన చూశాడు. మందుగుండు ఎక్కడ దాచారని ఉర్దూలో అడిగాడు.

యాకమ్మ గడగడా చెప్పింది, ఇవి మిషన్ దవాఖాన పండుగకని, కొమ్మకు వేలాడదీస్తారని, సరోజమ్మను అడగమని. జమేదారు విన్నాడు. ఇవి చేసింది ఎవరు అన్నాడు.

"నేనే" అన్నాడు సారయ్య.

జమేదారు ముందుకు వచ్చి సారయ్య కుడిచేతిని పట్టుకుని వెలుగులోకి తిప్పి చూశాడు. ఆ వేళ్ళను పైకి కిందికి కదిపాడు. ఈ చేత్తోనా అన్నాడు. తర్వాత నెమ్మదిగా, పిల్లవాడికి పాఠం చెప్పినట్టు చెప్పాడు. ఈ చేయి ఉలి పట్టలేదు. అయినా గంపలో పనివాడి పని ఉంది. తలుపు మూసి ఉంది. అంటే ఇంట్లో ఇంకొక మగవాడు ఉన్నాడు, పగలు చప్పుడు చేస్తున్నాడు, వాడిని దాచారు. వాడు ఎక్కడ?

జవాన్లు అటుక ఎక్కారు. వడ్ల గుమ్మి కదిపారు. పెంకులు జరిపిన చోటును చూసి ఒకడు, ఇటు నుంచి పారిపోయాడు సాబ్ అన్నాడు. వీధిలో అప్పటికే జనం చేరారు. ఎల్లక్క ముందు వరుసలో ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

యాకమ్మకు నిజం నాలుక కొసన ఉంది. చెబితే చాలు. చెబితే మళ్ళీ క్యాంపు ఉండదు. కాని అది ఆమె చెప్పవలసిన నిజం కాదు. ఊళ్ళె తలెత్తను అన్న మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు. పదకొండు రోజులు నోరు మూసుకున్న మనిషి. ఇప్పుడూ మూసుకుంటే తీసుకుపోతారు. తనంతట తాను నోరు తెరిచిందా, అతను ఇంటికి వచ్చినా మళ్ళీ గోడ వైపే కూర్చుంటాడు. ఆమె అతని మొహం వైపు చూసింది.

సారయ్య గంప వైపు చూశాడు. వీధిలో ఉన్న జనం వైపు చూశాడు.

"ఇంకెవ్వలు లేరు సాబ్. మా ఇంటామె చేసింది. నేను తాడు గుంజిన."

వీధిలో గుసగుస లేచింది. జమేదారుకు ఆ మాట జవాన్లలో ఒకడు ఉర్దూలో చెప్పాడు. జమేదారు నవ్వాడు. ఆడది ఉలి పడుతుందా అన్నాడు, అచ్చం ఇరవై రోజుల కిందట సారయ్య అన్నట్టే.

"చూపిస్తం" అన్నాడు సారయ్య. "యాకమ్మా, అటు దిక్కు పట్టు. వసారాలకు తెద్దాం. లోపల సరిగ్గ కనిపియ్యది."

ఇద్దరూ తరిమెనను మోసుకొచ్చి దాని పాత చోట నిలబెట్టారు, వీధికి ఎదురుగా. సారయ్య పీట మీద కూర్చున్నాడు. అందరూ చూస్తుండగా తాడు కొసను మణికట్టుకు ముడి వేసుకున్నాడు. పళ్ళతో బిగించాడు. యాకమ్మ కర్ర బిగించి ఉలి అందుకుంది గాని, చూపు జనం మీదికి పోయి ఉలి కర్ర మీద టకటకమని ఎగిరింది. జనంలో ఎవరో నవ్వారు.

"వాళ్ళను చూడకు" అన్నాడు సారయ్య, ఆమెకు మాత్రమే వినిపించేలా. "నేను గుంజుత. నువ్వు తాడు ఇను."

అతను మెల్లగా గుంజాడు. ఒకటి, రెండు. ఆమె చెవులకు ఇరుసు మోత తప్ప మిగిలినవి వినిపించడం మానేశాయి. ఉలి ఆనింది. తెల్లని పొట్టు పాము కుబుసంలా చుట్టలు చుట్టలుగా ఆమె ఒడిలో పడింది. పైన నునుపు అయింది. లోపల తొలిచింది. "చాలు" అన్న చోట ఆగింది. మూత కూర్చింది, ఎర్ర లక్క ఆనించింది, తాటాకుతో రుద్దింది. తీసి వెచ్చగా ఉండగానే జమేదారు చేతిలో పెట్టింది.

జమేదారు మూత తీశాడు. పెట్టాడు. చిన్నగా చప్పరించిన చప్పుడు వచ్చింది. మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు. ఆ చప్పుడు కోసమే జనగామ అంగడిలో జనం తీసి పెట్టేవారు. అతనూ అట్లాగే మూడుసార్లు చేశాడు. ఆ తర్వాత గుండును గంపలో వేసి, రోడ్డు మీద తనిఖీ చేసే నాకా దగ్గర ప్రతి ఒక్కటీ విప్పి చూస్తారని, ఒక్కటి అతికించి ఉన్నా మొత్తం గంప పగలగొడతారని చెప్పి వెళ్ళిపోయాడు.

జనం వెంటనే కదలలేదు. ఎల్లక్క ముందుకు వచ్చి గడప మీద కూలబడింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు.

"నా నోరు పడిపోను. బాయికాడ నేనే అన్న."

"అన్నవుగని," అన్నాడు సారయ్య ముడి విప్పుకుంటూ, "నేర్చుకుంటనన్నవు గదా ఎల్లక్కా. ఇగ చూసినవ్. ఇంటికి పోయి నీ మొగని చేతికి తాడియ్యి."

ఎల్లక్క ఏడుపులోంచే నవ్వింది. వీధి కూడా నవ్వింది. ఆ నవ్వు ఎవరి మీదిదో తెలియక ఒక నిమిషం బిక్కచచ్చిన యాకమ్మ, భర్త మొహంలోనూ నవ్వు చూసి ఊపిరి వదిలింది.

తలుపు ఆనాటి నుంచి మూయలేదు, మిగిలిన మూడు గుండ్లూ వసారాలోనే పూర్తయ్యాయి. కాని కొత్త చిక్కు వచ్చి పడింది. లక్క వేసి అతికించవద్దన్నాడు జమేదారు. అతికించని గుండును యాకమ్మ మూత మీది బొడిపెకు దారం కట్టి మేకుకు వేలాడదీసింది. క్షణం నిలిచింది. కింది సగం జారి కోళ్ళ మధ్యన పడి దొర్లిపోయింది. బొటనవేలితో తెరుచుకునేట్టు కూర్చిన మూత మరి. తెరుచుకోక ఏం చేస్తుంది? బిగుతుగా చేస్తే జవాను చేతికి ఊడదు, పగలగొడతాడు. వదులుగా చేస్తే దవాఖానలో రోగుల నెత్తిన పడుతుంది. ముప్పై గుండ్లూ అదే కూర్పు. కర్ర ఇంకొక రెండింటికి మాత్రమే ఉంది.

సారయ్య ఆ మేకునూ, దానికి వేలాడుతున్న మూతనూ చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత దూలానికి ఉన్న ఉట్టి వైపు చూశాడు. ఉట్టిలో మజ్జిగ కుండ.

"మూత పట్టుకొని కుండను లేపుతమా?" అన్నాడు. "ఉట్టి తాడు కింది నుంచి మోస్తది. మూత మీద ఊకె కూసుంటది."

గుండు అడుగున ఒక చిన్న రంధ్రం, మూత నడినెత్తిన ఒక రంధ్రం. దారం పైనుంచి లోపలికి పోయి, అడుగున బయటికి వచ్చి ముడి పడుతుంది. మోసేది అడుగును. మూత దారం వెంట పైకి జరుగుతుంది, లోపల చూడొచ్చు, వదిలితే తన చోటికి తానే వచ్చి కూర్చుంటుంది. యాకమ్మ మేకుకు కట్టి చూసింది. గుండు వేలాడింది. మూత ఎత్తి వదిలింది. చప్పరించింది.

పండుగకు రెండు రోజుల ముందు ఇద్దరూ గంప ఎత్తుకుని జనగామ నడిచారు. నాకా దగ్గర జవాను ముప్పైకి ముప్పై మూతలూ ఎత్తి చూశాడు. పది దాటాక అతనికీ సరదా పుట్టినట్టుంది, రెండు గుండ్లను దారం పట్టుకుని ఊపి చూసి ఇచ్చాడు. దవాఖానలో సరోజమ్మ సరువు కొమ్మకు ఒక్కొక్కటీ కట్టింది. కొమ్మ వంగలేదు. కిటికీలోంచి గాలి వస్తే ఎరుపు, పచ్చ కలిసి మెల్లగా ఊగాయి. మంచాల మీది వాళ్ళు దిండ్లు ఎత్తుగా పెట్టించుకుని చూశారు.

డాక్టరమ్మ వచ్చి చూసి ఏదో అన్నది. సరోజమ్మ తెలుగులో చెప్పింది, వచ్చే ఏడు వేరే ఊళ్ళ దవాఖానలకూ అడుగుతారట, ఎన్ని చేయగలరో చెప్పమంటున్నది అని. సరోజమ్మ సారయ్యనే చూసి అడిగింది.

"ఉలి ఆమెది" అన్నాడు సారయ్య. "ఆమెనడుగు."

కర్ర దొరికితే ఎన్నైనా చేస్తాను అన్నది యాకమ్మ. ముందు బీక్యా ఎక్కడున్నాడో వెతకాలి అని కూడా అన్నది.

తెల్లారి వాకిట్లో కల్లాపి చల్లి, కోళ్ళకు గింజలు వేసి, పొయ్యి దగ్గర ఆలస్యం చేసింది యాకమ్మ. మంచం కోళ్ళు నాలుగు కావాలని ఎల్లక్క మొగుడు రాత్రే చెప్పిపోయాడు. వసారాలోంచి తాడు చప్పుడు వినిపించింది, ఖాళీ ఇరుసు మీద. ఆమె తొంగి చూసింది. సారయ్య పీట మీద కూర్చుని ఉన్నాడు, మణికట్టుకు ముడి వేసుకుని, వీధికి మొహం పెట్టి. ఎదురుగా ఆమె కూర్చునే చోట చాప పరిచి ఉంది. దాని మీద ఉలి, పదును పెట్టి, తుడిచి ఉంది.

"ఎంతసేపే?" అన్నాడు. "ఎండెక్కుతున్నది."